ఉబ్బసం మందును జంతువు మీద పరీక్షించడం: మోడల్ ఎంపిక నుంచి స్లైడ్ లెక్క దాకా

చిట్టెలుకకు ఉబ్బసం దానంతట అది రాదు. పిల్లికి వస్తుంది, గుర్రానికి దానికి దగ్గరి జబ్బు ఒకటి వస్తుంది. చిట్టెలుకకు మాత్రం మనమే తెప్పించాలి. తెప్పించేది కూడా జబ్బు మొత్తాన్ని కాదు, అందులో ఒక ముక్కని: ఊపిరితిత్తుల్లో ఇసినోఫిల్స్ (అలర్జీలో పెరిగే ఒక రకం తెల్ల రక్తకణాలు) చేరడం, కఫం పెరగడం, చిన్నపాటి రెచ్చగొట్టుడుకే గాలిగొట్టాలు బిగుసుకోవడం. వీటిలో మీ మందు దేని మీద పనిచేస్తుందో ముందే తేల్చుకోకపోతే, చివర్లో ఎంత అందమైన గ్రాఫ్ వచ్చినా దానికి విలువ లేదు.

బెంగళూరు ఫార్మసీ కాలేజీల్లో ఎం.ఫార్మ్ ఫార్మకాలజీ ప్రాజెక్టుకు దిగే అనంతపురం, కర్నూలు, చిత్తూరు పిల్లల్లో చాలామంది ముందు జంతువును ఎంచుకుని, తర్వాత మందు సంగతి ఆలోచిస్తారు. సీనియర్ థీసిస్‌లో గినీపిగ్ ఉంటే వీళ్లకూ గినీపిగ్గే. అది తలకిందుల పద్ధతి.

ఏ మందుకు ఏ జంతువు

గాలిగొట్టాల కండరాన్ని సడలించే మందు అయితే గినీపిగ్ సరైనది. గాలిగొట్టాల్ని బిగించే హిస్టమిన్‌కూ ల్యూకోట్రయీన్లకూ దాని శ్వాసనాళాలు మనిషివాటిలాగే గట్టిగా స్పందిస్తాయి. చిట్టెలుక నాళాలు హిస్టమిన్‌ను పెద్దగా పట్టించుకోవు. పైగా వాటి శ్వాసనాళం సడలడంలో బీటా-1 గ్రాహకాలదే పైచేయి కాబట్టి, సాల్బుటమాల్ తరహా బీటా-2 మందును తూచడానికి చిట్టెలుక మంచి త్రాసు కాదు. పెద్ద ఎలుక కూడా హిస్టమిన్ విషయంలో మొద్దే. అయితే బ్రౌన్ నార్వే జాతి ఎలుకలో అలర్జీ యాంటీబాడీ ఐజీఈ బాగా పెరుగుతుంది. అలర్జెన్ తగిలిన కొన్ని గంటలకు వచ్చే రెండో దశ బిగింపు చూడాలంటే అది పనికొస్తుంది.

వాపును తగ్గించే మందు, ఐఎల్-4, ఐఎల్-5, ఐఎల్-13 అనే సైటోకైన్ల (వాపును నడిపే సంకేత ప్రొటీన్ల) దారిలో పనిచేసే మందు అయితే చిట్టెలుక. జన్యువులు తీసేసిన జాతులు, యాంటీబాడీలు, ఎలైజా కిట్లు దానికి దొరికినన్ని వేరే జంతువుకు దొరకవు. మందు యాంటీబాడీ అయితే ఇంకో ప్రశ్న వేసుకోవాలి: అది చిట్టెలుక ప్రొటీన్‌ను పట్టుకుంటుందా? మనిషి ఐఎల్-5ను పట్టే మెపోలిజుమాబ్ చిట్టెలుక ఐఎల్-5కు అతుక్కోదు, అందుకే చిట్టెలుకల్లో దాని బదులు టీఆర్‌ఎఫ్‌కే5 అనే యాంటీబాడీని వాడతారు. మనిషి ఐజీఈని పట్టే ఒమాలిజుమాబ్ కూడా చిట్టెలుక ఐజీఈని ముట్టుకోదు. ఇది చూసుకోకుండా నలభై ఎలుకలకు ఎక్కిస్తే వచ్చే ఫలితం సున్నా. అది మందు తప్పు కాదు.

ఇక మన కాలేజీల్లో ఎక్కువగా నడిచే ప్రయోగం గురించి. గినీపిగ్‌ను గాజు పెట్టెలో పెట్టి, 0.1 నుంచి 0.2 శాతం హిస్టమిన్ తుంపర పట్టి, ఎన్ని సెకన్లకు ఆయాసం మొదలైందో చూస్తారు. మందుకు ముందు పట్టిన సమయాన్ని మందు తర్వాత పట్టిన సమయంతో భాగించి, ఒకటి నుంచి తీసేసి, వందతో గుణిస్తే రక్షణ శాతం. ముందుగా ఒకసారి అన్నిటినీ పరీక్షించి, 120 సెకన్లలోపు స్పందించినవాటినే తీసుకోవాలి. రెండు పరీక్షల మధ్య కనీసం ఒక రోజు ఎడం ఉండాలి, లేకపోతే హిస్టమిన్‌కు అలవాటుపడి సమయం దానంతట అదే పెరుగుతుంది. మూర్ఛ వచ్చేదాకా ఆగకూడదు. డొక్కలు ఎగరేయడం, మెడ చాచడం కనిపించగానే బయటకు తీసి గాలి తగిలేలా ఉంచాలి.

ప్రయోగం సులువే. కానీ ఈ పరీక్షలో క్లోర్‌ఫెనిరమిన్ లాంటి జలుబు మాత్ర కూడా మంచి మార్కులతో పాసవుతుంది. ఆ మాత్రతో ఎవరి ఉబ్బసమూ నయం కాలేదు. అంటే ఇది హిస్టమిన్‌ను అడ్డుకునే గుణాన్ని మాత్రమే చూపిస్తుంది. మరిగించి చల్లార్చిన పాలను కిలోకు 4 మి.లీ. చొప్పున చర్మం కింద ఇచ్చి, మర్నాడు రక్తంలో ఇసినోఫిల్స్ లెక్కపెట్టే పద్ధతి అంతకన్నా బలహీనం. అక్కడ ఊపిరితిత్తుల ఊసే లేదు. ఈ రెంటితోనే 'ఉబ్బసానికి మందు' అని రాసేయడం మానాలి. వాటిని మొదటి జల్లెడగా పెట్టుకుని, అసలు పరీక్షను చిట్టెలుకలో అలర్జీ తెప్పించి చేయాలి. ఇక్కడి నుంచి చెప్పేదంతా దాని గురించే.

అనుమతి, జంతువులు, గది

సంస్థ జంతు నైతిక కమిటీ ఫారం-బి ఆమోదించనిదే జంతువులకు ఆర్డర్ పెట్టకూడదు. 1960 జంతుహింస నివారణ చట్టం, 1998 నియమాలు ఇందుకు ఆధారం. పైన ఉండే కేంద్ర సంఘాన్ని సీపీసీఎస్‌ఈఏ అనేవారు, ఇప్పుడది సీసీఎస్‌ఈఏ. ఫారంలో కమిటీ ముందుగా పట్టుకునేది జంతువుల సంఖ్యని. 'గ్రూపుకు ఆరు, అందరూ అలాగే చేస్తారు' అని రాస్తే తిరిగొస్తుంది. పాత ప్రయోగంలో ఇసినోఫిల్స్ లెక్క ఎంత చెదిరిందో చూపి, ఎంత తగ్గుదలను పట్టుకోవాలనుకుంటున్నారో రాసి, దాన్నించి సంఖ్య తేల్చాలి. సాధారణంగా గ్రూపుకు 8 దగ్గర తేలుతుంది. బరువు 20 శాతం తగ్గినా, వీపు గూనిలా వంచి కదలకుండా ఉన్నా ప్రయోగం ఆపేస్తామని కూడా అందులోనే రాయాలి.

కెటమిన్ షెడ్యూల్-ఎక్స్ మందు. తాళం వేసిన అల్మారా, మి.లీ. మి.లీ.కీ లెక్క రాసే రిజిస్టర్ లేకుండా అది దొరకదు. ప్రయోగం తేదీ వేసుకున్నాక దానికోసం పరుగెత్తితే ఎలుకల వయసు దాటిపోతుంది.

బాల్బ్-సి జాతి, ఆడవి, 6 నుంచి 8 వారాల వయసు. సి57 బ్లాక్-6 జాతిలో ఇసినోఫిల్స్ బాగానే వస్తాయి, గాలిగొట్టాల బిగింపు మాత్రం తక్కువగా వస్తుంది. కాబట్టి బిగింపు కొలవాలంటే బాల్బ్-సి. రిజిస్టరైన బ్రీడర్ దగ్గరే కొనాలి, అన్నీ ఒకే బ్యాచ్‌లో రావాలి. ఏప్రిల్, మే నెలల్లో చెన్నైకి తెప్పించేవాళ్లు పగటి ప్రయాణం ఒప్పుకోవద్దు. రాత్రి బయల్దేరి తెల్లవారేసరికి చేరాలి. వచ్చాక కనీసం 7 రోజులు వాటిని కదపొద్దు.

గది 22 డిగ్రీలకు రెండు అటూ ఇటూ, 12 గంటలు వెలుగు, 12 గంటలు చీకటి. బెంగళూరు చల్లగానే ఉంటుంది కదా అని ఏసీ కట్టేసి కిటికీ తీసేవాళ్లున్నారు. దాంతో పగలుకీ రాత్రికీ ఉష్ణోగ్రత ఊగుతుంది, బయటి దుమ్ము, వయ్యారిభామ పుప్పొడి లోపలికి వస్తాయి. ఊపిరితిత్తుల ప్రయోగానికి ఇది పనికిరాదు. పరుపుగా వేసే వరి ఊకను జల్లించి దుమ్ము పోగొట్టాలి, లేదా మొక్కజొన్న కండె ముక్కలు వాడాలి. బోనుల్లో అమ్మోనియా ఘాటు మనిషి ముక్కుకు తగిలిందంటే ఎలుక ముక్కు ఎప్పుడో మండిపోయిందన్నమాట. మేతలో గుడ్డు పొడి ఉందేమో కూడా అడగండి. ఎందుకో కింద తెలుస్తుంది.

అలర్జీ తెప్పించడం

అలర్జెన్ ఓవాల్బుమిన్, అంటే కోడిగుడ్డు తెల్లసొనలోని ముఖ్యమైన ప్రొటీన్. దాన్ని రోగనిరోధక స్పందనను పెంచే ఆలంతో కలిపి సూదితో పొట్టలోకి ఇస్తే శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత అదే ప్రొటీన్ ఊపిరిలోకి వెళ్తే అలర్జీ వాపు వస్తుంది. మేతలోనే గుడ్డు ఉంటే నోటి ద్వారా ముందే అలవాటైపోయి, ఆ తర్వాత ఎంత పొడిచినా అలర్జీ రాదు.

ల్యాబ్‌లో ఆలం అంటే గడ్డం గీశాక రాసుకునే పటిక కాదు, అల్యూమినియం హైడ్రాక్సైడ్ జెల్. మి.లీ.కి 40 మి.గ్రా. ఉండేది దొరుకుతుంది. ఒక్కో ఎలుకకు 20 మైక్రోగ్రాముల ఓవాల్బుమిన్, 2 మి.గ్రా. ఆలం, మొత్తం 0.2 మి.లీ. ఆరు గ్రూపులకు ఎనిమిదేసి 48, పైన ఆరు, మొత్తం 54 ఎలుకలనుకుంటే 10.8 మి.లీ. కావాలి. సిరంజిలో పోయేది కలుపుకుని 12 మి.లీ. చేయండి: మి.లీ.కి 1 మి.గ్రా. ఉన్న ఓవాల్బుమిన్ 1.2 మి.లీ., సెలైన్ 7.8 మి.లీ., ఆలం 3 మి.లీ.

ఓవాల్బుమిన్, సెలైన్ ముందు కలిపి, మాగ్నెటిక్ స్టిరర్ మీద తిరుగుతుండగా ఆలం చుక్క చుక్కగా వేయాలి. తర్వాత 30 నిమిషాలు తిప్పుతూనే ఉండాలి. ప్రొటీన్ ఆలం రేణువులకు అతుక్కోవడానికి ఆ సమయం కావాలి. ఐదు నిమిషాలు వోర్టెక్స్ చేసి ఎక్కించేస్తే సగం ఎలుకల్లో అలర్జీ బలంగా, సగంలో బలహీనంగా వస్తుంది. ఆలంను ఫ్రీజర్‌లో పెట్టకూడదు. గడ్డకట్టి కరిగితే రేణువులు ముద్దకట్టి పనికిరాకుండా పోతాయి. ఏ రోజుది ఆ రోజే కలపాలి. ఇంజెక్షన్ చేస్తున్నంతసేపూ రెండు ఎలుకలకు ఒకసారి ట్యూబును తిప్పాలి, లేదంటే ఆలం అడుగుకు దిగి చివరి గ్రూపుకే ఎక్కువ వెళ్తుంది.

సూది 26 గేజ్. అంతకన్నా సన్నదైతే ఆలం అడ్డుపడుతుంది. ఎలుక తల కొంచెం కిందికి వంచి, పొట్ట కుడి పక్క కింది భాగంలో గుచ్చాలి. ఎడమ పక్క పెద్దపేగు సంచి ఉంటుంది, దానిలోకి వెళ్లిన డోసు వృథా.

0వ రోజు ఒకటి, 14వ రోజు ఒకటి. అంతే.

ఓవాల్బుమిన్ కొనేటప్పుడు ఎండోటాక్సిన్ సంగతి చూడండి. మామూలు గ్రేడ్‌లో బాక్టీరియా ఎండోటాక్సిన్ ఎంతో కొంత ఉంటుంది, లాట్‌కు లాట్‌కు తేడా ఉంటుంది. అది ఎక్కువైతే ఇసినోఫిల్స్ బదులు న్యూట్రోఫిల్స్ అనే వేరే తెల్లకణాలు వస్తాయి. మొదటిసారి బాగా వచ్చిన ప్రయోగం రెండోసారి రాకపోతే చేతిని అనుమానించే ముందు సీసా మీది లాట్ నంబర్ చూడండి. ఎండోటాక్సిన్ తీసేసింది విడిగా దొరుకుతుంది, ఖరీదు ఎక్కువ. పొట్టలోకి ఇచ్చేది మామూలుదైనా ఫరవాలేదనిపించినా, ముక్కులోకి ఇచ్చేది మాత్రం తీసేసిందే వాడటం మంచిది.

పొట్టలోకి సూదేసి తెప్పించే అలర్జీ మనుషులకు వచ్చే దారి కాదు. అందుకే ఇంటి దుమ్ము పురుగు సారం వాడే మోడల్ ఇప్పుడు ఎక్కువైంది. ఆలం అక్కర్లేదు. 25 మైక్రోగ్రాముల ప్రొటీన్ లెక్కన ముక్కులో, వారానికి 5 రోజులు, 3 వారాలు. ప్రయోగం మొత్తానికి ఒకే లాట్ కొనాలి, డోసును పొడి బరువుతో కాకుండా ప్రొటీన్‌తో లెక్కగట్టాలి. డబ్బులుంటే దీన్నే ఎంచుకోమంటాం. లేకపోతే ఓవాల్బుమిన్‌ను నిజాయితీగా చేసినా చాలు. దాన్ని మాత్రం వారాల తరబడి తుంపరగా పడుతూ దీర్ఘకాల జబ్బు తెప్పించాలని చూడకండి, ఎలుకలు అలవాటుపడి వాపు తగ్గిపోతుంది.

ఛాలెంజ్

ఛాలెంజ్ అంటే అలర్జీ తెప్పించిన ఎలుక ఊపిరిలోకి అదే అలర్జెన్‌ను పంపడం. 28, 29, 30 రోజుల్లో 1 శాతం ఓవాల్బుమిన్, అంటే మి.లీ.కి 10 మి.గ్రా., 30 నిమిషాల పాటు తుంపర. జెట్ నెబులైజర్ వాడండి. అల్ట్రాసోనిక్‌ది వేడెక్కి ప్రొటీన్‌ను పాడుచేస్తుంది. ప్రొటీన్ ద్రావణం కాబట్టి కప్పులో నురుగు వచ్చి తుంపర ఆగిపోతుంది. శబ్దం వస్తూనే ఉంటుంది, మందు మాత్రం రాదు. పది నిమిషాలకోసారి కప్పు చూడాలి.

ఎనిమిది ఎలుకల్ని ఒకే పెట్టెలో వదిలితే మూలకు చేరి ఒకదాని బొచ్చులో ఒకటి ముక్కు పెట్టుకుంటాయి. పైన ఉన్నది పీల్చినంత కింద ఉన్నది పీల్చదు. అరలుగా విడగొట్టిన గుండ్రటి పెట్టె ఉంటే మంచిది. లేకపోతే ముక్కు దారే మేలు: ఐసోఫ్లూరేన్‌తో తేలిగ్గా మత్తిచ్చి, నిటారుగా పట్టుకుని, 50 మైక్రోలీటర్లలో 50 మైక్రోగ్రాములు, ముక్కు చివర చుక్క చుక్కగా. మత్తు చాలకపోతే ఎలుక మింగేస్తుంది. 20 మైక్రోలీటర్లే ఇస్తే ముక్కులోనే ఉండిపోతుంది. మొదటిసారి చేసేవాళ్లు ఒక ఎలుకకు నీలం రంగు ఇచ్చి, ఊపిరితిత్తి తెరిచి చూసుకుంటే చేతి మీద నమ్మకం వస్తుంది.

పెట్టె నుంచి బయటికి వచ్చే గాలి ఫిల్టర్ గుండా పోవాలి. రోజూ ఆ తుంపర పీల్చే మనిషికి కూడా గుడ్డు ప్రొటీన్ అలర్జీ రావచ్చు. ఎలుక మూత్రంలోని ప్రొటీన్ అయితే ఇంకా పాత శత్రువు. ఎన్-95 మాస్కు తప్పనిసరి.

మందు ఎప్పుడు, ఎంత

గ్రూపులు: ఆలం, సెలైన్ మాత్రమే ఇచ్చినవి, అలర్జీ తెప్పించి ఖాళీ ద్రావణం ఇచ్చినవి, అలర్జీతో డెక్సామెథాసోన్ (పనిచేస్తుందని తెలిసిన స్టెరాయిడ్), అలర్జీతో మీ మందు మూడు డోసులు. ఒక్కో బోనులో ఒక్కో గ్రూపు పెట్టేస్తే బోను తేడాయే మందు తేడాలా కనిపిస్తుంది, అందుకే ప్రతి బోనులోనూ గ్రూపుల్ని కలపాలి. దుమ్ము పురుగు మోడల్‌లోనూ ఇదే.

డెక్సామెథాసోన్ కిలోకు 1 మి.గ్రా., పొట్టలోకి, ఛాలెంజ్‌కు గంట ముందు. మెడికల్ షాపులో దొరికే, మి.లీ.కి 4 మి.గ్రా. ఉండే ఇంజెక్షన్‌లో 0.25 మి.లీ. తీసి సెలైన్‌తో 10 మి.లీ. చేస్తే మి.లీ.కి 0.1 మి.గ్రా. అవుతుంది. 20 గ్రాముల ఎలుకకు 0.2 మి.లీ. చాలు. ఈ గ్రూపులో ఇసినోఫిల్స్ సగానికి పైగా తగ్గాలి. తగ్గలేదంటే ఎక్కడో మోడల్ చెడింది, మీ మందు సంఖ్యలు చూడటం కూడా అనవసరం.

మొక్కల సారం పరీక్షించేవాళ్లు, అడ్డసరమో తులసో మేకమేయని ఆకో, 0.5 శాతం సీఎంసీ (కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్) ద్రావణంలో కలిపి గొట్టంతో నోట్లోకి ఇస్తారు. అంతకు ముందు విషగుణ పరీక్ష అయి ఉండాలి. సీఎంసీని చల్లటి నీళ్లలో ఒకేసారి కుమ్మరిస్తే ఉండలు కడుతుంది. వెచ్చటి నీళ్ల మీద కొంచెం కొంచెంగా చల్లి రాత్రంతా వదిలేయాలి. సారంలో ఎండోటాక్సిన్ కూడా ఉంటుంది, కాబట్టి దాన్ని ముక్కులో ఇవ్వకండి. ఈ దారిలో ఫలితం రాదని కాదు. అడ్డసరంలోని వాసిసిన్ నుంచే బ్రోమ్‌హెక్సిన్ పుట్టింది. కానీ సారం అంటే వందల పదార్థాల మిశ్రమం, దేని పని ఏదో తర్వాతైనా విడగొట్టాలి.

చాలా థీసిస్‌లలో మందు 27వ రోజే మొదలవుతుంది. అంటే జబ్బు రాకముందే. డాక్టర్ దగ్గరికి వచ్చే మనిషికి జబ్బు అప్పటికే వచ్చి ఉంటుంది. కాబట్టి ఒక డోసుతోనైనా రెండో పద్ధతి చేయండి: 28 నుంచి 30 దాకా ఛాలెంజ్ చేసి వాపు నిలిచాక, 31 నుంచి మందు మొదలుపెట్టి, 33, 35 రోజుల్లో మళ్లీ ఛాలెంజ్. ముందు పద్ధతిలో అద్భుతంగా పనిచేసి ఇక్కడ చతికిలపడే మందులు చాలా ఉంటాయి.

గాలిగొట్టాల బిగింపు

చివరి ఛాలెంజ్ అయిన 24 గంటలకు, గాలిగొట్టాల్ని బిగించే మెథాకోలిన్‌తో చూస్తారు. ఎలుకను స్వేచ్ఛగా పెట్టెలో వదిలి కొలిచే పెన్‌హెచ్ అనే సంఖ్య వాయునాళాల నిరోధం కాదు. ఊపిరి లయ మారినా, పెట్టెలో తేమ, వేడి మారినా అది మారుతుంది, చెన్నై తేమలో మరీనూ. జల్లెడగా వాడుకోవచ్చు, తీర్పుగా కాదు.

అసలు కొలత గొట్టం పెట్టి, ఫ్లెక్సివెంట్ అనే శ్వాస యంత్రం మీద. కెటమిన్ 100, జైలజీన్ 10 మి.గ్రా. కిలోకు, గొంతు దగ్గర కోసి 18 లేదా 19 గేజ్ గొట్టం దూర్చి పట్టుదారంతో గట్టిగా కట్టాలి. నిమిషానికి 150 ఊపిర్లు, కిలోకు 10 మి.లీ., చివర 3 సెం.మీ. నీటి ఒత్తిడి. మొదట సెలైన్, తర్వాత మి.లీ.కి 3.125, 6.25, 12.5, 25, 50 మి.గ్రా. మెథాకోలిన్. ప్రతి డోసుకూ ముందు ఊపిరితిత్తుల్ని ఒకసారి నిండా ఉబ్బించాలి, లేకపోతే మూసుకుపోయిన గాలిగదులే నిరోధంలా కనిపిస్తాయి. యంత్రం ఇచ్చే సరిపోలిక గుణకం 0.9 కన్నా తక్కువున్న కొలతల్ని పారేయాలి. అది వరసగా తగ్గుతుంటే దారం వదులైందనో, ఎలుక సొంతంగా ఊపిరి తీస్తోందనో అర్థం. కండరాలు స్తంభింపజేసే మందు వాడితే మత్తు లోతును ముందే, కాలు గిల్లి చూసి నిర్ధారించుకోవాలి. స్తంభించిన ఎలుక నొప్పి పుట్టినా కదలలేదు. ఆ తర్వాత గుండె వేగమే ఆధారం.

ఊపిరితిత్తులు కడగడం

ఫలితం నిలిచేదీ కూలేదీ ఇక్కడే. 24 నుంచి 48 గంటల మధ్య ఒక సమయం ఎంచుకుని అందరికీ అదే పాటించాలి. ఎలుకను మత్తు మందు అధిక డోసుతో చంపాలి. మెడ విరిచి చంపితే గాలిగొట్టంలోకి రక్తం దిగి, కడిగిన నీరు ఎర్రగా వస్తుంది. ముందుగా గుండె నుంచి రక్తం తీసి సీరం కోసం పెట్టుకోండి.

గాలిగొట్టం మీది కండరాన్ని ఫోర్‌సెప్స్‌తో పక్కకు జరిపి, కింద దారం దూర్చి, రెండు ఉంగరాల మధ్య చిన్న గాటు పెట్టి, సూది తీసేసిన 22 గేజ్ ఐవీ కాన్యులా దూర్చాలి. ఐదారు మి.మీ. కన్నా లోతుకు పోతే ఒక పక్క ఊపిరితిత్తిలోకి వెళ్లి అదొక్కటే కడుగుతుంది. మంచులో పెట్టిన పీబీఎస్ (ఉప్పు బఫర్ ద్రావణం) 0.8 మి.లీ. నెమ్మదిగా ఎక్కించి, ఛాతీని వేలితో మెల్లగా నొక్కి, నెమ్మదిగా లాగాలి. గట్టిగా లాగితే నాళాలు మూతపడి నీరు రాదు. మొదటిసారి వచ్చినది సైటోకైన్ల కోసం విడిగా. ఇంకో రెండుసార్లు కడిగినది కణాల కోసం. ఎక్కించినదాంట్లో 70 నుంచి 80 శాతం తిరిగి రావాలి. ప్రతి ఎలుకకూ ఎంత వచ్చిందో రాసుకోండి. 50 శాతమే వచ్చిన ఎలుక కణాల సంఖ్య తక్కువగా కనిపిస్తుంది, అది మందు గొప్పతనం కాదు. ఈ కాలమ్ లేని నోట్‌బుక్‌ను ఎవరూ నమ్మకూడదు.

అదే ఎలుక నుంచి కణజాలం కూడా కావాలంటే, ఎడమ ఊపిరితిత్తి నాళాన్ని దారంతో కట్టేసి కుడివైపు మాత్రమే సగం పరిమాణంతో కడగాలి. కడిగిన ఊపిరితిత్తిని కోసి చూస్తే గదులు ఉబ్బి, కణాలు కొట్టుకుపోయి ఉంటాయి.

4 డిగ్రీల్లో 400 జీ వేగంతో 10 నిమిషాలు తిప్పి, అడుగున ఎర్రగా ఉంటే అమ్మోనియం క్లోరైడ్‌తో ఒక నిమిషం, మళ్లీ కడిగి, న్యూబార్ గదిలో (కణాలు లెక్కపెట్టే గాజు పలక మీద) లెక్క. తర్వాత సైటోస్పిన్, అంటే కణాల్ని తిప్పి స్లైడు మీద పరచడం: మి.లీ.కి 2 లక్షల కణాలు ఉండేలా పలచన చేసి 0.2 మి.లీ. ఒక్కో స్లైడుకు. చిక్కగా వేస్తే కణాలు ఒకదానిపై ఒకటి పడి ఏదేదో తెలియదు. ఆరబెట్టి అదే రోజు రంగు వేయాలి.

రంగు దగ్గర బెంగళూరులో తరచూ వచ్చే చిక్కు బోరు నీళ్లు. లీష్‌మన్ రంగును కుళాయి నీళ్లతో పలచన చేస్తే, క్షారగుణం వల్ల అంతా నీలంగా మారి, ఇసినోఫిల్ గుళికలు ఎరుపు పట్టవు. అప్పుడు అవి న్యూట్రోఫిల్స్‌గా లెక్కలోకి పోతాయి. పీహెచ్ 6.8 బఫర్ తప్పనిసరి, కడగడానికీ అదే.

స్లైడులో ఇంకో ఉచ్చు ఉంది. మనిషి ఇసినోఫిల్ రెండు తమ్మెల కేంద్రకంతో ఉంటుందని చదువుకున్న కన్ను చిట్టెలుక స్లైడులో తడబడుతుంది. ఇక్కడ ఇసినోఫిల్ కేంద్రకం ఉంగరంలా ఉంటుంది, న్యూట్రోఫిల్‌ది కూడా ఉంగరమే. కాబట్టి ఆకారం కాదు, గుళికల రంగు చూడాలి. స్లైడుకు 300 కణాలు, గ్రూపు తెలియకుండా కోడ్ నంబర్లతో, ఇద్దరు విడివిడిగా. ఆరోగ్యంగా ఉన్న ఎలుకలో దాదాపు అన్నీ మాక్రోఫేజ్‌లే (ఊపిరితిత్తిని శుభ్రంచేసే తెల్లకణాలు), ఇసినోఫిల్స్ ఒకటి రెండు శాతం దాటవు. అలర్జీ గ్రూపులో 40 నుంచి 70 శాతం దాకా వస్తాయి. కణాల్ని వాటి మీది గుర్తులతో వేరుచేసే ఫ్లో సైటోమెట్రీ ఉంటే సిగ్లెక్-ఎఫ్ అనే గుర్తు ఒక్కటే చూడకండి. ఊపిరితిత్తి మాక్రోఫేజ్‌కు కూడా అది ఉంటుంది. సిగ్లెక్-ఎఫ్ ఉండి, సీడీ11సీ అనే గుర్తు లేనివే ఇసినోఫిల్స్.

మిగిలినవి త్వరగా. కట్టేసిన ఎడమ ఊపిరితిత్తిని ఫార్మలిన్‌తో 25 సెం.మీ. నీటి ఒత్తిడిలో ఉబ్బించి నిలవ చేయండి. వాపుకు హెచ్-ఈ రంగు, కఫం కణాలకు పాస్ రంగు. ఓవాల్బుమిన్‌కు ప్రత్యేకమైన ఐజీఈ కొలిచేటప్పుడు ప్లేటుకు ఓవాల్బుమిన్ పూయకండి. సీరంలో ఐజీఈ కన్నా ఎన్నో రెట్లు ఉండే ఐజీజీ1 ముందే చోటంతా ఆక్రమిస్తుంది. ప్లేటుకు ఐజీఈని పట్టే యాంటీబాడీ పూసి, పైన బయోటిన్ తగిలించిన ఓవాల్బుమిన్ వేయాలి.

సంఖ్యలు చేతికొచ్చాక

కణాల సంఖ్యను లాగ్‌లోకి మార్చి, ప్రతి గ్రూపునూ ఖాళీ ద్రావణం గ్రూపుతో డన్నెట్ పద్ధతిలో పోల్చండి. ఇసినోఫిల్స్ తగ్గి, బిగింపు తగ్గకపోతే దాన్ని దాచకండి. మందుల చరిత్రలో పెద్ద పాఠం అదే. చిట్టెలుకల్లో ఐఎల్-5ను అడ్డుకుంటే ఇసినోఫిల్స్ మాయమయ్యాయి. 2000లో మెపోలిజుమాబ్‌ను మనుషుల్లో ప్రయత్నిస్తే ఇసినోఫిల్స్ తగ్గాయి, అలర్జెన్ పీల్చాక వచ్చే బిగింపు మాత్రం తగ్గలేదు. మందు పనికిరాదనుకున్నారు. తర్వాత ఇసినోఫిల్స్ ఎక్కువగా ఉండి, తరచూ జబ్బు ముదిరే రోగుల్ని ఎంచి ఇస్తే ముదరడం తగ్గింది. 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. మన బోనులోని ఎలుకలన్నీ ఒకే రకం రోగులు, బయట ఉన్నవాళ్లు అలా కాదు. స్టెరాయిడ్‌కు లొంగని, న్యూట్రోఫిల్స్ ఎక్కువుండే ఉబ్బసానికి మందు వెతికేవాళ్లకు ఈ ఓవాల్బుమిన్-ఆలం మోడల్ అసలు సరిపోదు.

డోసును మనిషికి మార్చి చూసుకోవడం మరిచిపోవద్దు. చిట్టెలుక డోసును 3తో గుణించి 37తో భాగించాలి. కిలోకు 10 మి.గ్రా. పనిచేస్తే మనిషికి కిలోకు 0.8 మి.గ్రా., 60 కిలోల మనిషికి సుమారు 49 మి.గ్రా. అది మాత్రలో పట్టే మోతాదు. మొక్క సారం కిలోకు 400 మి.గ్రా. దగ్గర మాత్రమే పనిచేసిందనుకోండి: 60 కిలోల మనిషికి దాదాపు 1.95 గ్రాముల సారం. ఎండు ఆకు నుంచి పది శాతం సారం దిగితే రోజుకు ఇరవై గ్రాముల ఆకు. మేకమేయని ఆకు అంత తింటే ఆయాసం సంగతి తర్వాత, ముందు వాంతులు ఆపుకోవాలి.